తమ్ముడి కాలు ఈడ్పు నాటకం కాదు, చెల్లెమ్మా

నాన్నగారు పోయిన నెలకే తమ్ముడు కుడికాలు ఈడ్చి నడుస్తున్నాడనీ, ఎమ్మారై స్కాన్ బాగానే ఉందనీ, రాయగడలో చుట్టాలు "నాటకాలు" అంటున్నారనీ రాశారు. ముందు ఆ మాట ఇంట్లో మాన్పించండి. అతను కావాలని చేయడం లేదు. నరం తెగకపోయినా, మెదడు కాలిని నడిపే తీరు గాడి తప్పుతుంది. ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్ అంటారు. దిగులు, టెన్షన్ దీన్ని రేపుతాయి. అవేమీ లేనివాళ్లకూ వస్తుంది.

స్కాన్ బాగుందని మాత్రమే దీన్ని తేల్చకూడదు. 1908లో హూవర్ అనే డాక్టరు చెప్పిన పరీక్ష ఉంది. పడుకోబెట్టి కుడి మడమను మంచానికేసి నొక్కమంటే బలం ఉండదు. ఎడమకాలు పైకెత్తమంటే మాత్రం అదే కుడి మడమ, దాని కింద డాక్టరు పెట్టిన అరచేతిని గట్టిగా అదుముతుంది! ఆ బలం తమ్ముడికే చూపించమనండి. కాలు పాడవలేదన్న నమ్మకం అక్కడే మొదలవుతుంది.

మా పిన్నికీ ఇలాగే అయింది. పర్లాకిమిడి నుంచి బరంపురం తిప్పాం. ఫిజియోథెరపీ అమ్మాయి ఆమెను వెనక్కి నడిపించింది, అంకెలు లెక్కపెట్టిస్తూ. నాలుగడుగులు, ఒక్కసారీ కాలు ఈడ్వలేదు. పిన్ని ఏడ్చేసింది. ధ్యాస కాలి మీద నుంచి మళ్లితే నడక దానంతటదే వస్తుంది. ఫిజియోథెరపీ చాలావరకు దాని మీదే.

విశాఖకు రైలుంది కదా, న్యూరాలజిస్టుకు చూపించండి. దిగులుకు కౌన్సెలింగ్ కూడా కావాలి. ఒంట్లో ఒక పక్క ఉన్నట్టుండి కొత్తగా చచ్చుబడినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.