ధైర్యం చెప్పకండి, దేనికి భయమో అడగండి

వచ్చే మంగళవారం విజయవాడ సూర్యారావుపేటలో మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, గడ్డ అని మాత్రమే చెప్పాం, వారం నుంచి మాటా లేదు నిద్రా లేదు, ఎలా ధైర్యం చెప్పాలి అని అడిగారు. నాకు నాలుగేళ్ల కిందట గుంటూరులో అదే ఆపరేషన్ జరిగింది, ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు.

ధైర్యం చెప్పకండి. బ్రాడీపేటలో మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అన్నారు, ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాట విన్నాక భయంగా ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ఒక రాత్రి మా ఆడపడుచు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "వదినా, దేనికి ఎక్కువ భయంగా ఉంది?" అనడిగింది. అప్పుడు బయటికొచ్చింది. మత్తు ఇచ్చాక మళ్లీ లేస్తానా అని, చెయ్యి పైకి లేవకపోతే పిల్లకి జడ ఎవరు వేస్తారని. ఇకమీదట మా ఆయన ముందు బట్టలు ఎలా మార్చుకోవాలి అన్నది చెప్పడానికి ఇంకో గంట పట్టింది.

దేనికి భయమో తెలిశాక ఎవరిని అడగాలో తెలిసింది. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూస్తారు కదా, అక్కడ ఆవిడనే అడగనివ్వండి, మీరు మధ్యలో జవాబు చెప్పకండి. చంకలో గ్రంథులు తీస్తే చెయ్యి బిగుసుకోవచ్చు, వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే కనుక్కోండి. గాయం దగ్గర గొట్టం పెడతారు, నీరూ రక్తమూ దాంట్లోకి దిగుతాయి, ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు ఉండొచ్చు. నాకెవరూ చెప్పలేదు, మెలకువ రాగానే దాన్ని చూసి ఏదో పాడైపోయిందని వణికిపోయాను.

గడ్డ అని దాచడం మాత్రం నాకు నచ్చలేదండీ. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. మీ ముఖాలు చూసి ఈపాటికే కనిపెట్టి ఉంటారు, మీరు బాధపడతారని అడగట్లేదేమో. డాక్టరు దగ్గరే చెప్పించండి, మీరు పక్కన ఉండండి.

నిద్ర సంగతి డాక్టరుకి చెప్పండి, మందుల షాపులో మాత్రలు కొని ఇవ్వకండి. క్యాన్సర్ రోగుల మనోవేదనని 0 (ఏమీ లేదు) నుంచి 10 (భరించలేనంత) దాకా కొలుస్తారు, గడిచిన వారంలో ఎంతుందంటే రోగి 4 గానీ అంతకు మించి గానీ చెబితే సాయం అవసరమనే లెక్క. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదు అంటే మాత్రం ఆగకుండా అదే రోజు సైకియాట్రిస్టుకి చూపించండి.

ఇంకొకటి, థియేటర్‌లోకి వెళ్లే ముందు గాజులు, మెట్టెలు, పుస్తెలు తీయించేస్తారు. నాకు కత్తి కంటే ఆ నిమిషమే కష్టమైంది. మా అమ్మ నర్సుని అడిగి, పసుపుకొమ్ము కట్టిన దారం నా మణికట్టుకి కట్టింది. ఈ సంగతి ఆవిడకి ముందురోజే చెప్పండి, పుస్తెలు ఎవరి చేతికివ్వాలో ఆవిడనే అడగండి.