టోలుయిన్ పరీక్షలో ఎల్‌సీ50 ప్రతిసారీ మారడానికి కారణం

టోలుయిన్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకం) చేపలకు ఎంత విషమో చూసే మీ పరీక్షలో మొదటి రోజు కొన్ని జీబ్రా చేపలు చనిపోయి, ఆ తర్వాత 96 గంటల వరకు ఒక్కటీ చనిపోకపోవడం, పరీక్ష చేసిన ప్రతిసారీ ఎల్‌సీ50 (సగం చేపలు చనిపోయే గాఢత) వేరుగా రావడం చూస్తే, టోలుయిన్ నీటిలో నిలవకుండా ఆవిరైపోతోందని అనుకోవాలి. చేపలకు ఆక్సిజన్ కోసం మీరు పాత్రలో పెట్టిన గాలి పంపు దాన్ని మరింత వేగంగా బయటికి పంపుతుంది.

1. పంపు తీసేసి, గాజు పాత్రను అంచు వరకు నింపి మూయండి. ఒక్కో గాఢతకు కనీసం 7 చేపలు కావాలి కాబట్టి వాటిని పెద్ద పాత్రల్లో పలచగా ఉంచండి; ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో 60 శాతానికి తగ్గకూడదు.

2. ద్రావణాన్ని 24 గంటలకోసారి పూర్తిగా మార్చండి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: కొత్త ద్రావణం పోసిన వెంటనే ఒకసారి, దాన్ని మార్చే ముందు మరోసారి, చేపలున్న పాత్ర మధ్యలోంచే నమూనా తీసి, సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కొలవాలి. నిల్వ ద్రావణాన్ని (పలచన చేయడానికి ముందే తయారుచేసిన గాఢ ద్రావణం) మాత్రమే కొలిస్తే చేపకు నిజంగా ఎంత తగిలిందో తెలియదు.

కొలిచిన విలువ మీరు కలిపిన గాఢతలో 80 నుంచి 120 శాతం మధ్య నిలవకపోతే, కొలిచిన విలువల గుణోత్తర సగటుతోనే (రెండు విలువలను గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది) ఎల్‌సీ50 లెక్కించండి. ఉదాహరణకు, లీటరుకు 20 మిల్లీగ్రాములు 24 గంటల్లో 5కు పడిపోతే ఈ సగటు 10 అవుతుంది, మామూలు సగటైన 12.5 కాదు.

మూసిన పాత్రలోనూ గాఢత నిలవకపోతే, ద్రావణం నిరంతరం ప్రవహించే పద్ధతికి మారండి.