భూమి అమ్మొద్దు, ముందు బాపు నొప్పి తగ్గాలి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 64 ఏళ్లు, నోటి క్యాన్సర్. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, రేడియేషన్ అయినయి. ఏడాది తిరగకముందే మెడకు మళ్లీ వచ్చింది. ఇక కీమో పనిచేయదు, పాలియేటివ్ కేర్ ఇప్పించండని హైదరాబాద్‌లో చెప్పిన్రు. మెడ మీద పుండు, వాసన, రాత్రంతా నొప్పి. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చమంటున్నరు, ముందుగా లక్ష కట్టాలంట. ఇప్పటికే రెండు రూపాయల మిత్తికి నాలుగు లక్షలు తెచ్చిన. ఇరవై గుంటలు అమ్మాల్నా?

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. కనీసం ఈ లక్ష కోసం అమ్మొద్దు.

పాలియేటివ్ కేర్ అంటే డాక్టర్లు చేతులెత్తేశారని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు, ఆ బాధలోనే అప్పు చేసి ఐసీయూలో చేరుస్తారు. నిజానికి అది నొప్పినీ, పుండునూ, ఆయాసాన్నీ, నిద్ర లేకపోవడాన్నీ తగ్గించే వైద్యం, ఇంట్లోనే చాలావరకు నడుస్తుంది. ఆ ఆసుపత్రి వాళ్లను ఒక్క మాట అడగండి: చేర్చుకుంటే మా బాపుకు ఏం తగ్గిస్తారు? సెలైన్ ఎక్కిస్తాం, చూస్తాం అంటే దండం పెట్టి వచ్చేయండి.

మీ బాపుకు ఇప్పుడు కావాల్సింది బహుశా మార్ఫిన్, అంటే గట్టి నొప్పిని తగ్గించే మందు. మాత్ర ఖరీదు కొన్ని రూపాయలే, కానీ ప్రతి మందుల షాపులో దొరకదు, మత్తుమందుల చట్టం వల్ల గుర్తింపు ఉన్న ఆసుపత్రులే ఇస్తాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలు తేలిక చేశారు. అలవాటు పడతాడేమో అని భయపడకండి, క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే ఆ టెన్షన్ అక్కర్లేదు. మామూలు మాత్రను నొప్పి వచ్చాక కాదు, నాలుగు గంటలకోసారి టైం ప్రకారం వేయాలి, మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికీ మందు మొదటి రోజు నుంచే అడగండి. పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి చల్లడం మేం వాడే పద్ధతే, చాలా చవక, డ్రెస్సింగ్ చేసే నర్సు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. వాసన తగ్గితే మనవలు మళ్లీ మంచం దగ్గరికి వస్తారు, అది చిన్న విషయం కాదు.

ఇవి ఎక్కడ దొరుకుతాయంటే, చేవెళ్లతో మొదలుపెట్టి ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది, డబ్బు తీసుకోరు. ఫైలు పట్టుకుని వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మార్ఫిన్, పాలియేటివ్ కేర్ ఎవరు చూస్తారో అడగండి, ఇంటికి వచ్చి చూసే ఆలన బండి మీ ఊరి వైపు వస్తుందా అని కూడా అడగండి. ఇంట్లో చూసుకోవడం అసలు కుదరకపోతే హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది, చివరి దశ రోగులను ఉంచుకుని చూసుకునే చోటు, అక్కడా ఉచితమే. అక్కడే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఈ విభాగం ఉంది. కాజీపేట నుంచి రైల్లో వెళ్తే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారం మాత్రం ఉండాలి.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది నిజమే, కానీ అది ఆసుపత్రిలో చేసే వైద్యానికి. డైపర్లు, దూది, పాలు, ఆటో కిరాయి మీ జేబులోంచే పోతాయి. ఇంతకుముందు ప్రైవేటులో కట్టిన బిల్లులు ఉంటే, ఆరోగ్యశ్రీ కింద రానివి, ఒరిజినల్స్ దాచి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం సహాయ నిధికి పెట్టండి, అప్పులో కొంతైనా తీరుతుంది.

అసలు ఖర్చు ఎవరూ లెక్కేయరు, అది కూలి. మీరో మీ అమ్మో నెలల తరబడి పనికి పోకుండా కూర్చుంటే ఇల్లు కుంగిపోతుంది. అక్కచెల్లెళ్లను, చిన్నాయనలను పిలిచి రాత్రుళ్లు ఎవరు మేలుకుంటారో వంతులు వేసుకోండి. డబ్బు ఇస్తామనే చుట్టాన్ని డబ్బుతో పాటు వారానికో పూట కూడా అడగండి.

పుండు నుంచి రక్తం ధారగా వస్తే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి, ఊపిరి ఆడకపోయినా అంతే. మిగతావి మంచం దగ్గరే చూసుకోవచ్చు. ఇంకో మాట, ఆయన ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఆయన్నే అడిగారా? నొప్పి తగ్గి నిద్రపోయి లేచిన పొద్దున అడగండి.