యారిస్ ర్యాలీ కారుకు సిలిండర్లు మూడా, నాలుగా?

దేవరకొండ తమ్మీ, సెమినార్ కోసం టొయోటా ర్యాలీ కారు గురించి చదువుతుంటే ఒకచోట మూడు సిలిండర్లు, ఇంకోచోట నాలుగు, ఒకచోట హైబ్రిడ్, ఇంకోచోట కాదని ఉందన్నవు. అన్నీ నిజాలే, కార్లే వేరు.

2017లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ (డబ్ల్యూఆర్‌సీ) కోసం వచ్చింది యారిస్ డబ్ల్యూఆర్‌సీ: 1.6 లీటర్ టర్బో, నాలుగు సిలిండర్లు, 380కి పైగా హార్స్‌పవర్. రెండో ర్యాలీలోనే, స్వీడన్ మంచులో, డ్రైవర్ లాత్వాలా గెలిచిండు. 2018లో తయారీదారుల టైటిల్. డ్రైవర్లలో 2019లో తనాక్, తర్వాత రెండేళ్లు ఓజియే ఛాంపియన్లు.

2022లో జీఆర్ యారిస్ ర్యాలీ1 వచ్చింది, ర్యాలీ1 అంటే అన్నిటికన్న పై క్లాస్. సిలిండర్లు నాలుగే, 100 కిలోవాట్ల ఎలక్ట్రిక్ మోటార్ తోడై (హైబ్రిడ్ అంటే ఇదే) పవర్ 500 హార్స్‌పవర్ దాటింది. సెమినార్‌ల దీని మీదనే ఎక్కువ చెప్పు. పైకి యారిస్ లెక్కనే ఉంటది, లోపల ఉక్కు పైపుల చట్రం. పాత కారుల ముందు, వెనక చక్రాల మధ్య పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్‌ను కంప్యూటర్ సవరించేది; కొత్త రూల్స్‌ల అది తీసేసిండ్రు. మన దిక్కు మొరం బాట మీద బండి జారితే ఎట్లుంటదో నీకు ఎరుకే కదా, ఆ జారుడును డ్రైవరే కాళ్లు చేతులతో ఆపుకోవాలె. ఆ కారుతో రోవన్‌పెరా 22 ఏళ్లకే ఛాంపియన్ అయిండంటే మస్తు గొప్ప. హైబ్రిడ్‌ను 2025ల తొలగించిండ్రు.

మూడు సిలిండర్లది షోరూం జీఆర్ యారిస్. ఆ ఇంజిన్‌తోనే ర్యాలీ2 అనే కింది క్లాస్ కారు చేసిండ్రు. ప్రతి ఫొటో కింద సంవత్సరం, క్లాస్ రాయి, సార్లు అడిగినా తడబడవు.