మే నెలలో ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో వాల్‌ఐ చేపలు పడతాయా? ఎలా పట్టాలి?

అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాననీ, బోటు లేదనీ, సీజన్ మొదట్లో ఒడ్డున నిలబడి గాలం వేస్తే వాల్‌ఐ (అక్కడి మంచినీటి చేప) పడుతుందా అనీ ఒకరు అడిగారు. పడుతుంది. బోటు లేనివాళ్లకు ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి కాలం లేదంటాను. ఎండలు ముదిరాక చాలా లేకుల్లో అవి లోతుకు వెళ్లిపోతాయి.

మంచు కరిగాక నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యకు వచ్చినప్పుడు ఇవి గులకరాళ్ల ఒడ్డుకూ, లేకులో కలిసే వాగుల నోటికీ వచ్చి గుడ్లు పెడతాయి. వాల్‌ఐ పట్టడానికి అనుమతించే సీజన్ తెరిచేది మే రెండో వారాంతం చుట్టుపక్కల కాబట్టి అప్పటికి ఆ పని చాలావరకు అయిపోతుంది. పెద్ద ఆడచేపలు ముందే తప్పుకుంటాయి, మగవి మాత్రం కొన్నాళ్లు అక్కడే తిరుగుతుంటాయి. తర్వాత షైనర్లనే చిన్న చేపలు తమ గుడ్ల కోసం ఒడ్డుకు చేరతాయి, వాటిని తినడానికి వాల్‌ఐలు మళ్లీ మోకాలి లోతు నీళ్లలోకి వస్తాయి.

ఎర కన్నా వేళ ముఖ్యం. వీటి కంట్లో వెలుతురును తిరగ్గొట్టే పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. మసక వెలుతురులో చాలా చేపల కన్నా బాగా చూస్తాయి, ఎండంటే పడదు. అందుకే నేను పొద్దుగూకే ముందు వెళ్లి, చీకటి పడ్డాక రెండు గంటల దాకా ఉంటాను. నీళ్లు అద్దంలా ఉన్న మిట్టమధ్యాహ్నం లోతులేని చోట గాలం వేయడం టైమ్ వేస్టు.

గాలి ఉన్న రోజు సంగతి వేరు. అలలు లేస్తే వెలుతురు కిందకు సరిగా దిగదు, పైన కాస్త వెచ్చబడ్డ నీళ్లూ చిన్న చేపలూ గాలి వాలున ఒక ఒడ్డుకు చేరతాయి. అలాంటి రోజు పగలు కూడా పడతాయి. చలికి జడిసి చాలామంది గాలి తగలని వైపు కూర్చుంటారు. మీరు అలలు ముఖాన కొట్టే వైపే వెళ్లండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఎనిమిదో వంతు ఔన్స్ జిగ్ (తల దగ్గర బరువున్న గాలపు కొక్కెం), అలలు లేకపోతే ఇంకా తేలికది, ఆరు లేదా ఎనిమిది పౌండ్ల బరువు ఆపే లైను, ఎరగా పెదవుల దగ్గర గుచ్చిన షైనర్. విసిరి, అడుగుకు తగలనిచ్చి, ఆగి ఆగి నెమ్మదిగా లాగండి. నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి, వేగంగా లాగితే వెంటపడవు. గట్టిగా కొడుతుందని ఎదురుచూడకండి. చాలాసార్లు లైను కాస్త బరువెక్కినట్టు ఉంటుంది, అంతే. చీకటి పడ్డాక రపాలా కంపెనీవి లాంటి సన్నటి తేలే ప్లగ్ (చేప ఆకారపు కృత్రిమ ఎర) కట్టి, విసుగొచ్చేంత మెల్లగా రీల్ తిప్పుతాను. హెడ్‌ల్యాంప్ వెలుతురు నీళ్ల మీద పడనివ్వకండి.

వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు ప్యాంటు) వేసుకుని గబగబా నడుములోతు నీళ్లలోకి దిగడం నాకు నచ్చదు. చేప చాలాసార్లు మీరు నిలబడే చోటికీ ఒడ్డుకూ మధ్యే ఉంటుంది. ముందు ఒడ్డు వెంబడి రెండు వైపులా విసిరి చూసి, తర్వాత దిగండి. దిగితే నడుము బెల్టు బిగించుకోండి. మే నీళ్ల చలి మన గోదావరి చలి కాదు.

16 ఏళ్లు నిండితే లైసెన్స్ కావాలి. ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత సైజు అన్నది లేకును బట్టి మారుతుంది. మిల్ లాక్స్ అనే లేకుకైతే ప్రత్యేక నిబంధనలు ఉంటాయి, వెళ్లే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైట్‌లో చూసుకోండి. మిగిలిన ఎరచేపల్ని లేకులో వదలకూడదు, చెత్తబుట్టలో వేయాలి.

వండడం గురించి అడగలేదు గానీ చెబుతాను. మాంసం మెత్తన, ఫిల్లె (ముల్లు వదిలేసి కోసిన పక్క కండ) తీస్తే ముళ్లు దాదాపు ఉండవు. పులుసులో విరిగిపోతుంది. కారం, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించండి. పదిహేను, పదహారు అంగుళాలవి రుచిగా ఉంటాయి. పెద్దవాటిలో పాదరసం ఎక్కువ, వాటిని నేను వదిలేస్తాను.