స్కూల్ జోన్ మార్చేశారు, బోర్డు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఇప్పుడు టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఒక పెద్ద ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ జిల్లా) పరిధిలో ఉంటున్నాం. నేను హెచ్1బీ మీద ఉన్నాను. 2022లో కేవలం ఒక హైస్కూల్ కోసం తాహతుకు మించి అప్పు చేసి ఇల్లు కొన్నాం. ఏజెంటు కూడా ఆ స్కూల్ పేరు చెప్పే అమ్మాడు. మొన్న డిసెంబర్ మీటింగ్‌లో బోర్డు ఓటేసి హద్దులు మార్చి మా వీధిని వేరే హైస్కూల్లో కలిపింది. మా అమ్మాయి ఆగస్టులో తొమ్మిదో తరగతికి వెళ్లాలి. ఏడుపు, ఇంట్లో అందరికీ టెన్షన్. మేయర్ ఆఫీసులో అర్జీ ఇస్తే మాకు సంబంధం లేదన్నారు. బోర్డుకు మాత్రం మేం ఇంతవరకు ఏమీ రాసివ్వలేదు. ఏటా అయిదున్నర వేల డాలర్లకు పైగా స్కూల్ ట్యాక్స్ కడుతున్నాం, ఆ డబ్బు కూడా వేరే స్కూల్ జిల్లాలకు పంపుతున్నారట. ఓటు లేదనే మమ్మల్ని లెక్కచేయడం లేదు. దావా వేయొచ్చా? పన్ను వెనక్కి అడగొచ్చా? పాత జోన్‌లో ఉన్న ఫ్రెండ్ ఇంటి అడ్రస్‌తో లీజు రాయించి చేర్పిద్దామని మా ఆవిడ అంటోంది. ట్యాక్స్ బిల్లు కాపీ జతచేశాను.

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది. "బోర్డుకు మాత్రం మేం ఇంతవరకు ఏమీ రాసివ్వలేదు." మిగతాదంతా, ఇల్లు, అప్పు, ఏజెంటు మాట, అమ్మాయి ఏడుపు, వీటిలో ఏదీ ఈ రోజున మీకు కోర్టు తలుపు తెరవదు. ఎందుకంటే బోర్డు డిసెంబర్‌లో గీసింది మ్యాపు మాత్రమే. మీ అమ్మాయి ఏ స్కూల్లో చదవాలన్న దాని మీద, ఆ పిల్ల పరిస్థితి చూసి, బోర్డు ఇంతవరకు ఏ నిర్ణయమూ తీసుకోలేదు, తీసుకొమ్మని మీరు అడగలేదు కనుక. అడగకుండా, వాళ్లు కాదనకుండా, దేని మీద దావా వేస్తారు? కింద ఉన్న దారులన్నీ అయ్యాకే రమ్మని జడ్జి మొదటి రోజే పంపించేస్తారు.

ముందు మేయర్ సంగతి. మన దగ్గర బడి విషయం ఏదైనా డీఈఓ దగ్గరికో, ఆ పైన కలెక్టర్ దగ్గరికో వెళ్తుంది కాబట్టి ఇక్కడ కూడా ఊరి పెద్ద ఎవరో వాళ్ల దగ్గరికి వెళ్లారు, అర్థమైంది. కానీ ఐఎస్‌డీ అంటేనే ఇండిపెండెంట్. సిటీకీ దానికీ పాలనాపరంగా ఏ సంబంధమూ లేదు. హద్దులు కూడా కలవవు. ఫ్రిస్కో ఐఎస్‌డీనే తీసుకోండి, ఫ్రిస్కోతో పాటు ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్‌ల్లో కొంత భాగం దాని కిందకి వస్తుంది, కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. దాన్ని నడిపేది ఏడుగురు ట్రస్టీల బోర్డు. వాళ్లకి జీతం ఉండదు, ఓటర్లు ఎన్నుకుంటారు. సూపరింటెండెంట్‌ని పెట్టుకునేదీ, బడ్జెట్ పాస్ చేసేదీ, పన్ను రేటు నిర్ణయించేదీ, జోన్లు గీసేదీ వాళ్లే. ఇంకో ముఖ్యమైన విషయం, బోర్డు అధికారమంతా మీటింగ్‌లో అందరూ కలిసి కూర్చుని ఓటేసినప్పుడే. ఒక ట్రస్టీ గుడి ఫంక్షన్‌లో కలిసి "నేను చూసుకుంటాను" అన్నా, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా దానికి చట్టం దృష్టిలో విలువ లేదు. ఆ మాట పట్టుకుని గడువులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక పన్ను. వెనక్కి రాదు, ఆ ఆశ వదిలేయండి. స్కూల్ ట్యాక్స్ మీ పిల్ల సీటుకి కట్టే ఫీజు కాదు, పిల్లలు లేనివాళ్లూ కడతారు. అందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి జీతాలకీ రోజువారీ ఖర్చులకీ, రెండోది బిల్డింగుల కోసం తెచ్చిన బాండ్ల అప్పు తీర్చడానికి. రెండో ముక్కతో టీచర్ల జీతాలివ్వడం కుదరదు, అందుకే కొత్త స్టేడియం కట్టిన ఏడాదే టీచర్లని తగ్గించారని జనం కోప్పడటం మీరు చూస్తుంటారు, రెండూ వేర్వేరు సంచులు. "వేరే జిల్లాలకు పంపుతున్నారు" అని మీరన్నది మొదటి ముక్క నుంచే, దాన్ని రికాప్చర్ అంటారు. ఆస్తుల విలువ ఎక్కువున్న చోట అదే రేటుకి డబ్బు పొంగిపొర్లుతుంది, పేద జిల్లాలో బడి నడవదు. ఆ తేడా రాజ్యాంగ విరుద్ధమని 1989లో ఎడ్జ్‌వుడ్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు అన్నది, 1993లో శాసనసభ ఈ పద్ధతి తెచ్చింది, 1995లో అదే కోర్టు సమర్థించింది, 2016లో మొత్తం నిధుల విధానం మీద మళ్లీ కేసు వస్తే అప్పుడూ నిలిచింది. ఆస్టిన్, ప్లేనో లాంటి జిల్లాలు తమ లాయర్లను పెట్టుకుని కూడా దీన్ని తప్పించుకోలేక ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నాయి. నేను దీన్ని న్యాయమైన చట్టమనే అనుకుంటాను. మీరు అలా అనుకోకపోయినా, మీ ఒక్క ఇంటి బిల్లుతో అది కదలదు.

జోన్ ఎందుకు మార్చారో కూడా డబ్బు లెక్కలోనే ఉంది, ఇది అర్థం చేసుకోకపోతే పిటిషన్‌లో తప్పు వాదన రాస్తారు. టెక్సాస్‌లో రాష్ట్రం నిధులు లెక్కగట్టేది ఎంతమంది పేరు రాయించుకున్నారని కాదు, రోజూ సగటున ఎంతమంది వస్తున్నారని. ఒక్కో విద్యార్థికి లెక్కకు మొదలుగా పెట్టే మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, 2025లో దాన్ని 55 డాలర్లు పెంచారు. ధరలు ఈలోగా ఎంత పెరిగాయో మీకు తెలుసు. 2024 నవంబర్‌లో ఫ్రిస్కో ఐఎస్‌డీ పన్ను రేటు పెంపూ బాండ్లూ బ్యాలెట్ మీద పెడితే ఓటర్లు తిరస్కరించారు. ఇలాంటి పరిస్థితుల్లో ఒక స్కూల్లో గదులు ఖాళీగా, పక్కదాంట్లో పోర్టబుల్ గదులు పెట్టేంత రద్దీగా ఉంటే హద్దులు మార్చడం తప్ప బోర్డు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి "హద్దులు మార్చడమే అన్యాయం" అని వాదించకండి. అది నెగ్గదు. టెక్సాస్ విద్యా చట్టం, అంటే ఎడ్యుకేషన్ కోడ్, 25.031 సెక్షన్ వాళ్లకా అధికారం స్పష్టంగా ఇచ్చింది.

ఏజెంటు మీద కేసు అంటారేమో. మీరు కొన్న రోజున ఆ ఇల్లు ఆ జోన్‌లోనే ఉంది, అతను చెప్పింది అప్పటికి నిజం. వినియోగదారుల మోసం చట్టం కింద గడువు రెండేళ్లు, 2022 ఎక్కడ, ఇప్పుడెక్కడ. దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు ఫ్రెండ్ ఇంటి అడ్రస్. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఆ లీజు కాగితం రాయించకండి. రాయించి ఉంటే వాడకండి. వేరే జిల్లా నుంచి దొంగ అడ్రస్‌తో వచ్చినవాళ్లకైతే ట్యూషన్ డబ్బు కట్టమంటారు, మీరు ఆ జిల్లాలోనే ఉన్నారు కాబట్టి అది మీకు వర్తించకపోవచ్చు, "అంతేగా" అని ధైర్యం తెచ్చుకోవద్దు. అడ్మిషన్ కాగితాల్లో తప్పుడు సమాచారం ఇవ్వడం పీనల్ కోడ్ 37.10 సెక్షన్ కింద నేరం. మీకు గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. అబద్ధపు రికార్డు ఇచ్చారన్న కేసు మీ పేరు మీద పడితే స్కూల్ మారడం అనేది అన్నిటికంటే చిన్న సమస్య అయిపోతుంది. పట్టుబడటం కూడా కష్టం కాదు, కరెంటు బిల్లు అడుగుతారు, ఉత్తరం పంపితే తిరిగొస్తుంది, మీ వీధిలోనే ఇంకో తల్లి ఫిర్యాదు చేస్తుంది. ఓటు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తున్నా, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఎవరో చెప్పారని పౌరుడినన్న గడిలో టిక్ పెట్టి ఓటు రాయించుకోకండి. పౌరుడినని అబద్ధం చెప్పడం ఇమిగ్రేషన్ చట్టంలో దాదాపు మాఫీ లేని తప్పు.

మీ ట్యాక్స్ బిల్లు చూశాను. చూసి బాధేసింది. ఎగ్జంప్షన్లు అని ఉన్న వరుసలో ఏమీ లేదు. 2022 నుంచి సొంతింట్లో ఉంటూ హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్‌కి, అంటే సొంతింట్లో కాపురముండేవాళ్లకిచ్చే పన్ను మినహాయింపుకి, దరఖాస్తే పెట్టలేదా? ఇది పౌరులకే అని ఎవరు చెప్పారో గానీ, అది అబద్ధం. ఆ ఇల్లు మీ సొంతమై, అక్కడే మీరు కాపురముంటే హెచ్1బీ వాళ్లకీ వస్తుంది. స్కూల్ ట్యాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 2023, 2024లకు లక్ష డాలర్లు, 2025 నుంచి లక్షా నలభై వేలు తీసేస్తారు. నూరు డాలర్లకి సుమారు ఒక డాలరు రేటనుకుంటే ఇప్పుడు ఏడాదికి పద్నాలుగు వందల డాలర్ల దాకా మీరు ఊరికే కడుతున్నారు. పన్ను డెలిన్క్వెంట్ (గడువు దాటి బకాయి) అయ్యే తేదీ నుంచి రెండేళ్లలోపు ఆలస్యంగా కూడా పెట్టుకోవచ్చు. 2022, 2023 పోయాయి, 2024, 2025లవి ఇంకా దొరుకుతాయి. దరఖాస్తు పెట్టేది స్కూల్‌కి కాదు, ఇళ్ల విలువ లెక్కగట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి, ఫీజు లేదు, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇదే ఇంటి అడ్రస్ ఉండాలి. పన్ను వెనక్కి అడగొచ్చా అన్నారుగా, మీకు న్యాయంగా వెనక్కొచ్చే డబ్బు ఇదొక్కటే. ఆ ఫారం కింద హెచ్చరిక చదవండి, అక్కడ కూడా 37.10 సెక్షనే ఉంటుంది. అంటే ఒక కాగితం మీద "నేను ఈ ఇంట్లో ఉంటున్నాను" అని, ఇంకో కాగితం మీద "ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నాను" అని మీరే సంతకం చేస్తారన్నమాట. మీ మీద సాక్ష్యం మీ చేతిరాతే.

ఇక అసలు దారి. ఎడ్యుకేషన్ కోడ్ 25.033 సెక్షన్ కింద తల్లి గానీ తండ్రి గానీ రాతపూర్వకంగా పిటిషన్ పెట్టి ఫలానా స్కూల్‌కి మార్చమని అడగొచ్చు, లేదా ఇచ్చిన స్కూల్ మీద అభ్యంతరం చెప్పొచ్చు. ఇది ఓటరు హక్కు కాదు, పౌరుడి హక్కు కాదు, తల్లిదండ్రుల హక్కు. 25.034 ప్రకారం విచారణ అడిగితే పిటిషన్ ఇచ్చిన 30 రోజుల్లోపు విచారణకు తేదీ, చోటు పెట్టాలి, అడగకపోతే అదే 30 రోజుల్లో తేల్చాలి. విచారణ అడగండి. కాదనడానికి సమంజసమైన కారణం ఉంటే తప్ప బోర్డు మీ కోరిక మన్నించాలని చట్టంలో ఉంది. నిర్ణయం ఒక్కో పిల్లని విడిగా చూసి చేయాలి, పిల్ల ఏ దేశం నుంచి వచ్చింది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నవి లెక్కలోకి తీసుకోకూడదని 25.032 చెప్తుంది.

కాబట్టి పిటిషన్‌లో మీ ఇంటి అప్పు రాయకండి. మీ అమ్మాయి గురించి రాయండి. ఇప్పటిదాకా ఏ కోర్సులు చదివింది, వాటి కొనసాగింపు పాత హైస్కూల్లోనే ఉంటే రెండు స్కూళ్ల కోర్సు క్యాటలాగ్ పేజీలు పక్కపక్కన పెట్టి జతచేయండి. ఆరోగ్య సమస్య ఉంటే డాక్టర్ ఉత్తరం, ఏడుస్తోందన్నారు కదా, కౌన్సెలర్‌తో మాట్లాడించి ఆ మాటేదో ఈమెయిల్‌లో తీసుకోండి, నోటిమాట పనికిరాదు. ఇంటి నుంచి రెండు స్కూళ్లకీ దూరం, బస్సుందా లేదా, మీ ఆవిడ కారు నడపకపోతే ఆ సంగతి. ఆ పాత స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఖాళీలెన్ని ఉన్నాయో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ (మన సమాచార హక్కు చట్టం లాంటిది) కింద ఈమెయిల్ పెట్టి అడగండి, మామూలుగా పది పని దినాల్లో స్పందించాలి. "స్థలం లేదు" అన్నదే వాళ్లు చెప్పే ముఖ్య కారణం అవుతుంది, దానికి జవాబు ఆ కాగితంలోనే దొరకాలి. అదే ఈమెయిల్‌లో డిసెంబర్ మీటింగ్ నోటీసు, అజెండా, మినిట్స్ కూడా అడగండి. 2025 సెప్టెంబర్ నుంచి మూడు పని దినాల ముందు నోటీసు పెట్టాలి, అంతకుముందు 72 గంటలే. జోన్ మార్పు అజెండాలో సరిగ్గా లేకపోతే ఆ ఓటును రద్దు చేయమని కోర్టుకు వెళ్లొచ్చు. కాకపోతే బోర్డు మళ్లీ నోటీసిచ్చి మళ్లీ ఓటేస్తుంది, మీకు దక్కేది కొద్ది వారాలే, దాని మీదే అంతా పెట్టుకోకండి.

జిల్లా పంపిన ఈమెయిళ్లు చదవలేదని మీ ఉత్తరంలో లేదు గానీ, ఇంత పెద్ద మార్పుకి ముందు కమ్యూనిటీ మీటింగులు, సర్వేలు సాధారణంగా జరుగుతాయి, వాటిలో మీరెక్కడా కనబడలేదంటే చదవలేదనే అనుకోవాలి. ఇకనుంచి చదవండి. అజెండాలో ఉన్న అంశం మీద మీటింగ్‌లో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, పేరు రాయించుకుంటే చాలు.

బోర్డు కాదంటే చట్టం ఆ నిర్ణయాన్నే అంతిమం అంటుంది, రాజ్యాంగ హక్కుకి భంగమని చూపించగలిగితే తప్ప. వాళ్లు స్కూల్ చట్టాలనే ఉల్లంఘించారని, అంటే 30 రోజుల్లో విచారణ పెట్టలేదనో విడిగా చూడలేదనో కాగితం మీద చూపించగలిగితే రాష్ట్ర విద్యా కమిషనర్‌కి అప్పీలు ఉంది, నిర్ణయం మీకు తెలిసిన రోజు నుంచి 45 రోజులు. 46వ రోజున ఎంత మంచి కేసైనా పోతుంది.

ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులకు జిల్లా విడిగా ఒక చివరి తేదీ పెడుతుంది, వెబ్‌సైట్‌లో ఈ రోజే చూసి అది కూడా నింపండి, పిటిషన్‌తో పాటు రెండూ నడవనివ్వండి. పిటిషన్ బోర్డు ప్రెసిడెంట్ పేరు మీద, సూపరింటెండెంట్ ఆఫీసులో చేతికిచ్చి, మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. విచారణ నోటీసు రాగానే నాకు పంపండి. బోర్డు పిల్లని కూడా ప్రశ్నలు అడగొచ్చు, తనని తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆ నోటీసు చూశాక చెప్తాను.