తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా?

డాక్టర్‌ని అడగకుండా మాత్రం ఇవ్వకండి. మీ అమ్మగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు, పైగా రుమటాయిడ్ కీళ్లవాతం కూడా ఉందని రాశారు. ఈ రెండింటికీ తిప్పతీగతో పేచీ ఉంది.

మా ఇంట్లో ఇది కొత్త కాదు, పెరట్లో వేపచెట్టుకి పాకి ఉంటుంది. జ్వరం వచ్చి నోరు చేదుగా, ఏదీ తినబుద్ధి కాకుండా ఉంటే మా నాయనమ్మ బొటనవేలంత లావు కాడ కోసి, పైన పలచటి పొట్టు గీకి, కాస్త శొంఠితో దంచి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా కాచి, వడకట్టి ఇచ్చేది. ఆకలి బాగా పుట్టేది. కానీ ఆవిడ ఓ నాలుగు రోజులు ఇచ్చి ఆపేసేది, అంతే. ఇమ్యూనిటీ కోసమని నెలల తరబడి తాగడం మా వైపు కరోనా టైంలో మొదలైంది.

తిప్పతీగకి రక్తంలో చక్కెరని తగ్గించే గుణం ఉంది. మా పెద్దమ్మ షుగర్ మాత్ర వేసుకుంటూనే పరగడుపున ఈ కషాయం కూడా మొదలుపెట్టింది, ఓ రోజు చెమటలు పట్టి చేతులు వణికిపోతుంటే మిషన్‌తో చూశాం, షుగర్ బాగా పడిపోయింది. డాక్టర్ వెంటనే కషాయం ఆపించారు.

ఇక కీళ్లవాతం సంగతి. రుమటాయిడ్‌లో మన ఒంటి రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది, అలాంటప్పుడు దాన్ని ఇంకా రెచ్చగొట్టే మందు ఎందుకండీ? లూపస్ (ఇదీ రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బే) ఉన్నవాళ్లకీ ఇదే మాట. లివర్ భయం కూడా ఉంది. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అసలు వాళ్లు వాడింది తిప్పతీగేనా అని అడిగింది. ఆ అనుమానానికీ కారణం ఉంది, టైనోస్పోరా క్రిస్పా అనే తీగ అచ్చం ఇలాగే ఉంటుంది, కాకపోతే దాని కాడ నిండా ఎత్తైన బుడిపెలుంటాయి. రోడ్డు పక్క ఎవరో కోసి అమ్మే కాడలు నేనైతే కొనను.

ఇప్పటికే ఇస్తూ ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, ఆకు మందే కదా అని దాచొద్దు. మూత్రం ముదురు పచ్చగా రావడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ పూటే ఆపేసి లివర్ టెస్ట్ చేయించండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మానేయాలి. ఇంట్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉంటే వాళ్లకి అసలే వద్దు.